పులితేన్పులకి రెండో ఆపరేషన్: సంతకం పెట్టేముందు

ప్రశ్న: నాకు 47 ఏళ్ళు. మాది పలాస దగ్గర పల్లె. జీడి ఫ్యాక్టరీలో గోడౌన్ చూసుకుంటాను, మనుషులు తక్కువైన రోజు పిక్కల బస్తాలకి నేనూ చెయ్యి వేస్తాను. ఏళ్ళ తరబడి ఛాతీలో మంట, పులితేన్పులతో అవస్థ పడి 2019లో విశాఖలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కీహోల్ ఆపరేషన్ చేయించుకున్నాను. హెర్నియా కుట్టి, పొట్ట పైభాగాన్ని అన్నవాహిక చుట్టూ చుట్టామని చెప్పారు. మూడేళ్ళు సుఖంగా ఉన్నాను. తర్వాత మళ్ళీ మొదలైంది. పాంటోప్రజోల్ 40 రోజుకి రెండు వేసుకుంటున్నా మంట పూర్తిగా పోదు. రాత్రి పడుకుంటే పుల్లటి నీళ్ళు గొంతులోకి వచ్చి, దగ్గుతో లేస్తాను. కడుపుబ్బరం సరేసరి. శ్రీకాకుళంలో ఎండోస్కోపీ చేస్తే మళ్ళీ చిన్న హెర్నియా ఉంది, గ్రేడ్ ఎ ఈసోఫజైటిస్ అన్నారు. ఒక సర్జన్ గారు ఇంకోసారి చేసేద్దామన్నారు. ఇంకో డాక్టరు గారు జీవితాంతం మాత్రలు వాడుకోమన్నారు. ఆ మాత్రలు వాడితే కిడ్నీలు పోతాయని ఊళ్ళో అంటున్నారు. మాది ఉద్దానం కదా, ఆ భయం మీకు తెలుసు. క్రియాటినిన్ 1.2 ఉంది. బీపీకి ఆమ్లోడిపిన్, నడుం నొప్పి వస్తే మెడికల్ షాపు మాత్ర వేసుకుంటాను. మా బావమరిది చేయించేసుకో బావా అంటాడు. మా ఆవిడ రెండోసారి కత్తి పెట్టనివ్వనంటుంది. చేయించుకోవాలంటే కొబ్బరి తోట తాకట్టు పెట్టాలి. ఏటి చెయ్యమంటారు?

సమాధానం:

తోట కాగితాలు ఇప్పుడే బయటికి తియ్యకండి. మీకు రెండో ఆపరేషన్ అక్కర్లేదని నేను అనడం లేదు. కావాలో వద్దో తేల్చే సమాచారం మీ చేతిలో ఇంకా లేదు. మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే, చేసేద్దామన్న సర్జన్ గారి చేతిలో కూడా లేదు. ఒక్క ఎండోస్కోపీ కాగితం చూసి ఈ ఆపరేషన్ మొదటిసారే చెయ్యకూడదు. రెండోసారి అసలే కూడదు.

ముందు మీకు ఏం చేశారో చూద్దాం. ఛాతీకీ కడుపుకీ మధ్య అడ్డంగా ఉండే కండరం డయాఫ్రం. అందులో ఒక కంత ఉంటుంది. అన్నవాహిక ఆ కంతలోంచి కిందికి దిగి జీర్ణాశయంలో కలుస్తుంది. కంత వదులై జీర్ణాశయం పైభాగం ఛాతీలోకి జరిగితే దాన్ని హయాటస్ హెర్నియా అంటారు. సర్జన్ దాన్ని కిందికి దించి, కంతని కుట్లతో బిగించి, జీర్ణాశయం పైభాగాన్ని అన్నవాహిక చివర చుట్టూ మెడకి తువ్వాలు చుట్టినట్టు చుట్టి కుడతారు. రుడాల్ఫ్ నిస్సెన్ అనే సర్జన్ 1956లో ప్రచురించిన పద్ధతి ఇది. 1991 నుంచి చిన్న కన్నాలతో చేస్తున్నారు. పూర్తిగా చుట్టేస్తే నిస్సెన్, వెనక నుంచి ముప్పావు వంతు చుడితే టూపే. మీకు ఏది చేశారో మీరు రాయలేదు. మీకు తెలిసి ఉండకపోవచ్చు కూడా, డిశ్చార్జి కాగితంలో చాలాసార్లు ఒక్క ముక్కలో తేల్చేస్తారు.

ఈ చుట్టు చెడిపోయే తీరు అందరిలో ఒకేలా ఉండదు. ఎక్కువగా కనపడేది, చుట్టు చుట్టుగానే ఉండి మొత్తం కంతలోంచి ఛాతీలోకి ఎగబాకడం. కొందరికి కుట్లు వదిలి చుట్టు విడిపోతుంది. కొందరికి చుట్టు ఉన్నచోటే ఉంటుంది, లోపలి జీర్ణాశయం దాంట్లోంచి పైకి జారుతుంది. మరికొందరికి మొదటిరోజే చుట్టు బిగుతుగానో, తప్పు చోటో పడి ఉంటుంది. వీళ్ళు ఆపరేషన్ అయిన దగ్గర నుంచీ బాధపడుతూనే ఉంటారు. మీరు మూడేళ్ళు సుఖంగా ఉన్నారు కాబట్టి మీది ఈ కోవలోకి రాదు. మొదట బాగానే కుట్టారు, తర్వాత ఏదో కదిలింది అనుకోవడానికే ఎక్కువ ఆస్కారం ఉంది. బరువులెత్తడం, మానని దగ్గు, మలబద్ధకంతో ముక్కడం, పొట్ట పెరగడం, ఇవన్నీ కడుపులో ఒత్తిడి పెంచి ఆ కుట్లని పైకి నెడతాయి. పిక్కల బస్తా అంటే మీ వైపు 80 కిలోలు. ఇక చెప్పేదేముంది. ఆపరేషన్ చేయించుకున్నా, మానుకున్నా మీరు ఆ బస్తా జోలికి వెళ్ళకూడదు. ఫ్యాక్టరీలో మాట్లాడుకోండి.

ఇప్పుడు మీ బాధల సంగతి. మీరు అన్నీ ఒకే మూటలో కట్టి రాశారు. నేను విడదీస్తాను, ఎందుకంటే ఆపరేషన్ అన్నిటికీ ఒకేలా పనిచెయ్యదు. పడుకోగానే పుల్లటి నీళ్ళు గొంతుదాకా రావడం అన్నవాహిక చివర తలుపులా ఉండే కండరం సరిగా మూసుకోకపోవడం వల్ల వచ్చేది. మాత్రలు ఆ నీళ్ళలో పులుపు తగ్గిస్తాయి, నీళ్ళు రాకుండా ఆపలేవు. దీనికి ఆపరేషన్ బాగా పనిచేస్తుంది. మంట యాసిడ్ వల్లయితే పనిచేస్తుంది, కాకపోతే పనిచెయ్యదు. రాత్రి దగ్గు తగ్గొచ్చు, తగ్గకపోవచ్చు. కడుపుబ్బరం మాత్రం తగ్గదు, పెరిగినా పెరుగుతుంది. చుట్టు బిగిశాక తేన్పు పైకి రావడం కష్టం, మింగిన గాలంతా కిందే ఉంటుంది. ఉబ్బరమే మిమ్మల్ని ఎక్కువ వేధిస్తుంటే, రెండో ఆపరేషన్ తర్వాత మీరు సర్జన్‌ని తిట్టుకుంటారు. కాబట్టి ఒక పని చెయ్యండి. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి పోతే చాలనుకుంటారో మీ ఆవిడతో కూర్చుని తేల్చుకోండి. రాత్రిళ్ళు మీ పక్కన ఉండేది ఆవిడే, ఏది ఎంత ఉందో మీకంటే బాగా చెబుతుంది.

ఎండోస్కోపీ రిపోర్టు మరోసారి చదవండి. ఈసోఫజైటిస్ అంటే అన్నవాహిక వాపు, గ్రేడ్ ఎ అంటే దాని లోపలి పొర మీద 5 మిల్లీమీటర్లకి మించని చిన్న గీరుడు. సి, డి గ్రేడులు ఉంటే యాసిడ్ పైకి తంతోందని దాదాపు ఖాయం. ఎ గ్రేడు ఏ బాధా లేనివాళ్ళలో కూడా కనిపిస్తుంది, దాన్ని సాక్ష్యంగా తీసుకోకూడదు. చిన్న హెర్నియా అన్నమాట కూడా అంతే. అసలు చూడాల్సింది వేరే ఉంది: గొట్టాన్ని జీర్ణాశయంలో వెనక్కి తిప్పి పైకి చూసినప్పుడు పాత చుట్టు కనిపించిందా, కనిపిస్తే డయాఫ్రంకి పైన ఉందా కింద ఉందా? మీ రిపోర్టులో చుట్టు గురించి ఒక్క వాక్యమైనా లేకపోతే, చూసినవారికి మీకు ఆపరేషన్ అయిందన్న సంగతి ఎవరూ చెప్పి ఉండరు. ఇలాంటివి జరుగుతుంటాయి. ఈసారి టేబుల్ ఎక్కకముందే మీరే చెప్పండి.

ఇక మిగిలిన పరీక్షలు. బేరియం స్వాలో చవకైనది, శ్రీకాకుళంలో కూడా అయిపోతుంది. తెల్లటి సుద్దలాంటి ద్రవం తాగిస్తూ ఎక్స్‌రేలో చూస్తారు. చుట్టు ఛాతీలోకి జరిగితే అందులో తెలిసిపోతుంది. మానోమెట్రీలో ముక్కులోంచి సన్నటి గొట్టం దించి, ఒక్కో గుక్క నీళ్ళు మింగిస్తూ అన్నవాహిక కండరం ఎంత బలంగా నొక్కుతోందో కొలుస్తారు. ఆ బలం తక్కువ ఉన్నవాడికి పూర్తి చుట్టు వేస్తే అన్నం ముద్ద దిగదు. మీకు మింగడంలో ఇబ్బంది ఉందో లేదో రాయలేదు, ఉంటే ఈ పరీక్ష ఇంకా ముఖ్యం. ఉబ్బరం ఎక్కువ కాబట్టి జీర్ణాశయం ఎంతసేపట్లో ఖాళీ అవుతోందో చూసే స్కాన్ కూడా అడగండి. మొదటి ఆపరేషన్‌లో జీర్ణాశయాన్ని కదిలించే వేగస్ నరానికి దెబ్బ తగిలి ఉంటే జీర్ణాశయం బద్ధకంగా తయారవుతుంది. అలాంటివారికి చుట్టు బిగించి ప్రయోజనం ఉండదు.

వీటన్నిటిలో నేను పట్టుబట్టేది 24 గంటల పీహెచ్ పరీక్ష మీద, అంటే అన్నవాహికలోకి యాసిడ్ ఎంతసేపు వస్తోందో కొలిచే పరీక్ష. ముక్కులోంచి నూలుపోగుకంటే కాస్త లావుగా ఉండే తీగ దించి, చెంపకి ప్లాస్టర్ వేసి, నడుముకి చిన్న రికార్డర్ కట్టి ఇంటికి పంపిస్తారు. మర్నాడు వెళ్ళి తీయించుకోవాలి. మంట వస్తే ఒక బటన్, తింటే ఒకటి, పడుకుంటే ఒకటి నొక్కాలి. ఆ తీగ ఉందికదాని ఒక మూల కూర్చోకండి. మామూలుగా తినండి, తిరగండి, రోజూ మంట తెచ్చే కూర ఏదుంటే అదే వండించుకోండి. ఆసుపత్రి మంచం మీద ఇడ్లీ తిని తెచ్చిన రిపోర్టు మీ జీవితం గురించి ఏమీ చెప్పదు. అన్నవాహికలో యాసిడ్ ఉన్న సమయం మొత్తంలో 6 శాతం దాటితే రిఫ్లక్స్, అంటే యాసిడ్ పైకి తన్నడం, నిజం. 4 శాతంలోపు ఉంటే మామూలే. మధ్యలో ఉంటే మిగతా పరీక్షలతో కలిపి చూడాలి. ఇంపిడెన్స్ కూడా ఉన్న తీగ అయితే మరీ మంచిది, పులుపు లేని నీళ్ళు పైకి వచ్చినా పట్టేస్తుంది. పరీక్షకి వారం ముందు పాంటోప్రజోల్ ఆపెయ్యాలి. ఆ వారం మంట మామూలుకంటే ఎక్కువే ఉంటుంది. మాత్ర హఠాత్తుగా ఆపితే యాసిడ్ కొన్నాళ్ళు ఎగదన్నుతుంది, దాన్ని చూసి జబ్బు ముదిరిందని హడలిపోకండి. జెలూసిల్ లాంటి గుటక మందుతో నెట్టుకురండి, దాన్నెప్పుడు ఆపాలో పరీక్ష చేసేవారిని అడగండి. మానోమెట్రీ, పీహెచ్ రెండూ అన్ని ఆసుపత్రుల్లో ఉండవు. విశాఖలో పెద్ద గ్యాస్ట్రో విభాగం ఉన్నచోట ముందు ఫోన్ చేసి, ఉందో లేదో కనుక్కుని రైలెక్కండి. అక్కడ కుదరకపోతే హైదరాబాద్.

ఇంత దూరం తిప్పుతున్నాడేమిటి అనుకుంటారేమో. ఆపరేషన్ తర్వాత మళ్ళీ మంట అంటూ మాత్రలు మొదలుపెట్టినవాళ్ళని ఇలా తీగ వేసి చూస్తే, చాలామందిలో యాసిడ్ మామూలుగానే ఉంటుంది. అంటే చుట్టు చెక్కుచెదరలేదు, మంటకి వేరే కారణం ఉంది. వీళ్ళలో ఒకరికి తోట తాకట్టు పెట్టించి మళ్ళీ కోస్తే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

పరీక్షల తేదీ దొరికేలోపు మాత్ర సంగతి సరిచేసుకోండి. పాంటోప్రజోల్ ఎప్పుడు వేసుకుంటున్నారు? మీరు రాయలేదు. మన దగ్గర సగంమంది అన్నం తిన్నాక, బీపీ మాత్రతో పాటు మింగేస్తారు. ఇది తినడానికి అరగంట నుంచి గంట ముందు పడాలి. పొద్దున టిఫిన్‌కి ముందు ఒకటి, రాత్రి భోజనానికి ముందు ఒకటి. యాసిడ్ తయారుచేసే పంపులు తిండి పడ్డాకే పని మొదలుపెడతాయి, ఆ సమయానికి మందు రక్తంలో ఉండాలి. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల్లో చేసిన ఒక అధ్యయనం 2019లో వచ్చింది. మాత్రలకి లొంగని మంట అని పంపిన 366 మందికి ముందు రెండు వారాలు ఒమెప్రజోల్‌ని సరైన వేళకి వేయించారు. అందులో 42 మందికి బాధ అక్కడితోనే తీరింది. మిగిలినవాళ్ళని వడపోస్తే 99 మందికి అసలు రిఫ్లక్సే కాదు, అన్నవాహిక నరాలు అతిగా స్పందించడం వల్ల వచ్చే మంట అని తేలింది. చివరికి రిఫ్లక్స్ రుజువై అధ్యయనంలో నిలిచింది 78 మంది. వాళ్ళలో ఆపరేషన్ చేసినవారిలో 67 శాతానికి బాగుపడింది, మందులు మార్చి ఇచ్చినవారిలో 28 శాతానికే. ఆపరేషన్ మంచిదే, వడపోత తర్వాత. ఇది రెండోసారి కోతల లెక్క కాదని గుర్తుపెట్టుకోండి.

మాత్ర వేళ మార్చాక కూడా రాత్రి నీళ్ళు ఆగకపోతే వోనోప్రజాన్ అనే కొత్తరకం మందు గురించి మీ డాక్టరు గారిని అడగండి. దానికి తిండితో ముడి లేదు. రాత్రి భోజనానికీ పడకకీ మధ్య మూడు గంటలు ఉండాలి. మంచం తలవైపు కాళ్ళ కింద ఇటుకలో చెక్కలో పెట్టి అరడుగు ఎత్తు చెయ్యండి. రెండు దిండ్లు వేసుకుంటే మెడ వంగుతుందే తప్ప లాభం లేదు. ఎడమవైపు తిరిగి పడుకోండి. పనసపొట్టు ఆవకూర మానెయ్యాలా, అంబలి తాగొచ్చా అని పెద్ద జాబితా రాయమంటే రాయను. ఏది తింటే మీకు పడదో అది మానండి, మిగతాది తినండి. ఆమ్లోడిపిన్ రకం బీపీ మాత్రలు కొందరిలో అన్నవాహిక కింది కండరాన్ని వదులు చేస్తాయి. మీరుగా మానకండి, మార్చడం కుదురుతుందేమో అడగండి.

కిడ్నీల భయం మీ ఊరివాళ్ళకి ఉండటంలో తప్పేమీ లేదు. ఉద్దానంలో కవిటి నుంచి వజ్రపుకొత్తూరు దాకా ఇంటికొక కిడ్నీ రోగి అన్నట్టు చూశారు, పలాసలో 2023లో 200 పడకల కిడ్నీ ఆసుపత్రే కట్టాల్సి వచ్చింది. ఈ మాత్రల వల్ల కిడ్నీలో వాపు రావడం నిజంగా ఉంది, కానీ అరుదు. ఎక్కువకాలం వాడినవారిలో కిడ్నీ జబ్బులు కాస్త ఎక్కువని కొన్ని అధ్యయనాలు చూపించాయి. అవి వాడేవారినీ వాడనివారినీ బయటి నుంచి పోల్చినవి, ఎక్కువ మాత్రలు మింగేవాళ్ళు అసలే ఎక్కువ జబ్బు మనుషులు కావచ్చు. 17,598 మందిలో కొందరికి పాంటోప్రజోల్ 40, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి సుమారు మూడేళ్ళు చూసిన అధ్యయనం 2019లోనే వచ్చింది. కిడ్నీ జబ్బులో తేడా కనపడలేదు, పేగు ఇన్‌ఫెక్షన్లు మాత్రం కొంచెం పెరిగాయి. వాళ్ళు ఉద్దానం మనుషులు కారు, నిజమే. అందుకే మీరు ఆరునెలలకోసారి క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ చూపించుకోండి. పెరుగుతుంటే అప్పుడు లెక్క మారుతుంది. నాకు మీ ఉత్తరంలో పాంటోప్రజోల్ కంటే ఎక్కువ భయం వేసింది నడుం నొప్పి మాత్ర. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటివి కిడ్నీనీ కడుపునీ రెండిటినీ కొడతాయి. మీ ఊరివారు ముందు వాటిమీద కేకలెయ్యాలి. కిడ్నీల భయంతో మాత్రమే ఆపరేషన్ వైపు మొగ్గితే, అది చాలిన కారణం కాదు.

పరీక్షల్లో చుట్టు ఛాతీలోకి జరిగిందని, యాసిడ్ 6 శాతం దాటిందని, అన్నవాహిక కండరం సరిగానే ఉందని తేలి, రాత్రి నీళ్ళు మిమ్మల్ని నిద్రపోనివ్వకపోతే, అప్పుడు మీ బావమరిదిది సరైన మాటే. చేయించుకోండి, నేను వద్దనను. అయితే ఇది మొదటిసారి చేసిన పని కాదు. పాత చోటంతా అతుకులు పడి ఉంటాయి, కాలేయం చుట్టుకి అంటుకుని ఉంటుంది. అదంతా విడదీసి, పాత చుట్టు పూర్తిగా విప్పి, కంత మళ్ళీ కుట్టి, కొత్తగా చుట్టాలి. విడదీసేటప్పుడు జీర్ణాశయానికో అన్నవాహికకో చిల్లు పడొచ్చు, పొట్ట తెరవాల్సి రావొచ్చు. ప్రచురించిన రిపోర్టులన్నీ కలిపి చూసిన లెక్కలో ఆపరేషన్ మధ్యలో చిక్కులు సుమారు ఐదుగురిలో ఒకరికి వచ్చాయి, చివరికి మంచి ఫలితం వచ్చినవారు నూటికి సుమారు 80 మంది. మొదటిసారి కంటే తక్కువే గానీ తీసిపారేసే ఫలితం కాదు.

ఆ 80 మందిని తయారుచేసింది ఈ పని తరచూ చేసే సర్జన్లు. కాబట్టి మొహమాటం పక్కన పెట్టి అడగండి: రెండోసారి కేసులు మీరు ఏడాదికి ఎన్ని చేస్తారు? మొదటిది ఎందుకు చెడింది? ఈసారి వేరేగా ఏం చేస్తారు? మూడోదానికి జవాబు లేకపోతే లేచి వచ్చెయ్యండి. అదే మనిషికి, అదే కంతకి, అదే పద్ధతిలో కుడితే మళ్ళీ అక్కడే ఊడుతుంది. మీ పొట్ట బాగా పెద్దదైతే చుట్టు బదులు గ్యాస్ట్రిక్ బైపాస్ (జీర్ణాశయాన్ని చిన్నది చేసి నేరుగా పేగుకి కలపడం) మంచిదని కొందరు అంటారు, ఆ మాటలో పస ఉంది. మీ బరువు మీరు రాయలేదు కాబట్టి అంతకంటే చెప్పను. 2019 ఆపరేషన్ నోట్స్ ఆ ఆసుపత్రి రికార్డుల విభాగంలో రాతపూర్వకంగా అడిగి తీసుకోండి, వీడియో ఉంటే అదీను. కొత్త సర్జన్‌కి అంతకంటే ఉపయోగపడే కాగితం లేదు.

పరీక్షలో యాసిడ్ మామూలుగా ఉంటే ఆపరేషన్ ఊసే వద్దు. నరాల సున్నితత్వం తగ్గించే చిన్న మోతాదు మందులు ఉంటాయి, ఎమిట్రిప్టిలిన్ లాంటివి. మానసిక రోగులకి ఇచ్చే మందు నాకెందుకు అని పారెయ్యకండి, ఈ మంటకి అవి పనిచేస్తాయి.

డబ్బు సంగతి. రేషన్ కార్డు ఉంటే ఎన్టీఆర్ వైద్య సేవ కింద హయాటస్ హెర్నియా ఆపరేషన్ మీకు వర్తిస్తుందేమో, ఏ ఆసుపత్రిలో వర్తిస్తుందో 104కి ఫోన్ చేసి అడగండి. పలాస నుంచి విశాఖ ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌కి వెళ్ళడం పరువు తక్కువేమీ కాదు. ప్రైవేటులోనే అనుకుంటే, చిక్కులొచ్చి వారం రోజులు ఎక్కువ ఉండాల్సి వస్తే బిల్లు ఎంతవుతుందో ముందే రాయించుకోండి. తోట విలువతో పోల్చి చూడాల్సింది ఆ అంకెని, వాళ్ళు మొదట చెప్పే ప్యాకేజీని కాదు.

ఈలోపు అన్నం ముద్ద అడ్డుపడటం, బరువు తగ్గడం, నల్లటి విరేచనం, రక్తపు వాంతి వీటిలో ఏది కనిపించినా పై ప్రణాళికంతా పక్కన పెట్టి వెంటనే వెళ్ళండి. నడుస్తుంటే ఛాతీ పట్టేసినా, చెమటలు పోసినా గ్యాస్ అనుకోకుండా ముందు ఈసీజీ తీయించండి. 47 ఏళ్ళు, పైగా బీపీ.

మీ ఆవిడ భయం గురించి ఒక్కమాట. రెండోసారి కత్తి వద్దని ఆవిడ అనడంలో సగం నిజం ఉంది. రెండోది కూడా చెడితే మూడోది ఉంటుంది, కానీ దాని ఫలితం ఇంకా తగ్గుతుంది, ప్రమాదం పెరుగుతుంది. అందుకని చేయిస్తే అన్నీ తేలాకే, ఇందులో బాగా చెయ్యి తిరిగినవారి దగ్గరే చేయించండి. డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆవిడని కూడా తీసుకెళ్ళండి, ఆ మూడు ప్రశ్నలు ఆవిడ చేతే అడిగించండి.